మా ఆయన్ని అడగండి

షిప్‌షెవానా, ఇండియానా
అక్టోబరు, బుధవారం

ప్రియమైన అమ్మకు,

మన రక్షకుని నామంలో నీకూ, చెల్లి ఎల్నోరాకూ, మరిదిగారికీ, కవలలకూ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ మేమందరం ఒంట్లో బాగానే ఉన్నాం. ఒంట్లో అని ఎందుకన్నానో ఉత్తరం చివరికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. మోంటానాలో మీ అందరి క్షేమం గురించి చెల్లి రాసే నాలుగు ముక్కలు నాకు చాలవు. నీ సంగతి నువ్వే రాయాలి.

నీ ఉత్తరం సోమవారం అందింది. నేను రెండుసార్లు చదువుకున్నాక లోరీన్ గట్టిగా చదివి వినిపించింది. అమ్మమ్మ ఎప్పుడొస్తుందని దాని గోల. కవలలకు పళ్ళొచ్చాక వస్తుందన్నాను. "ఇద్దరికీ రావాలా, ఒకడికొస్తే చాలదా?" అని అడిగింది. అచ్చం నీ బుద్ధే వచ్చింది.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. లోరీన్ దగ్గు తగ్గింది. ఆపిల్ చెట్లు ఈ ఏడు విరగకాశాయి. ఇప్పుడు కూడా పొయ్యి మీద గుజ్జు ఉడుకుతోంది, ఒక చేత్తో తెడ్డు తిప్పుతూ రెండో చేత్తో రాస్తున్నాను. మా ముసలి గుర్రం ఇంకా బతికే ఉంది. బతికున్నందుకు మా అందరి మీదా కోపంగా కూడా ఉంది. నీ అల్లుడి పని ఎలా సాగుతోందని అడిగావు. దానికి జవాబు కాస్త ఆగి చెప్తాను, ముందు సవిల్లా పిన్ని నీకు మోసిన కబురు సంగతి తేలుద్దాం.

పిన్ని రాసింది నిజమే. మా పెరట్లో, గుర్రాలశాల పక్కన, ఇంగ్లీషువాళ్ళ ట్రైలర్ నిలబడి ఉంది. చీకటి పడితే అందులో మన ఇళ్ళల్లో కూడని కరెంటు దీపం వెలుగుతున్న మాటా నిజమే. లోపల టీవీ ఉందని రాసిందట, అది మాత్రం అబద్ధం. ఉండేది గాని వానకు తడిసి పాడైపోయింది.

వాళ్ళ పేర్లు ట్వైలా, డోర్సీ. కెంటకీ నుంచి వచ్చారు. డోర్సీ బొగ్గుగనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ముక్కుకు గొట్టం, పక్కన చక్రాల మీద చిన్న ఆక్సిజన్ సిలిండరు. ఎక్కడికెళ్ళినా దాన్ని మేకపిల్లలా వెంట లాక్కుపోతాడు. నేను మొదటిరోజు ఇంగ్లీషువాళ్ళు అనేసరికి నవ్వాడు.

"మేం ఇంగ్లీషువాళ్ళం ఏంటమ్మా! మా తాతముత్తాతలంతా కెంటకీ కొండల్లోనే పుట్టి అక్కడే పోయారు."

"మీరు ఆమిష్ కాదుగా. ఆమిష్ కానివాళ్ళందరూ మాకు ఇంగ్లీషువాళ్ళే."

"అంటే చైనావాడు కూడా?"

"వాడూ ఇంగ్లీషువాడే."

డోర్సీ నవ్వితే దగ్గు తెర వస్తుంది, దగ్గు వస్తే ట్వైలా నన్ను కొరకొరా చూస్తుంది. అందుకని ఇప్పుడు కొంచెం చప్పగా మాట్లాడడం నేర్చుకున్నాను.

పిన్ని ఊరుకుంటుందా, బిషప్పు ఫ్రీమన్ చెవినా వేసింది. ఆయన గుర్రబ్బండి కట్టుకుని వచ్చాడు. నేను ఆప్రాన్‌తో చేతులు తుడుచుకుని, చెప్పవలసినవన్నీ మనసులో వరసపెట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్ను దాటి పోయి డోర్సీ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు గాడిదల గురించీ కంచరగాడిదల గురించీ మాట్లాడుకున్నారు. డోర్సీ తాత కాలంలో గనుల్లో బండ్లు లాగినవి అవేనట. వెళ్ళేటప్పుడు మాత్రం నాతో, "దీపం వాళ్ళది, పెరడు మీది. ఆ దీపం మీ ఇంట్లోకి రాకుండా చూసుకోండి, చాలు" అని బండెక్కాడు. ఆయన చెప్పింది పిన్నికి చెప్పాను. ఆమె ఇంకా మూతి ముడుచుకునే ఉంది.

వాళ్ళ కథ వింటే నువ్వు కూడా పెరట్లో చోటిచ్చేదానివే, అమ్మా. డాక్టరు చలిలో ఉండొద్దన్నాడని ఇల్లు అమ్మేసి, ఆ ట్రైలర్ కొన్నారు. పికప్ బండి వెనక కట్టుకుని చలికాలమంతా దక్షిణాన వెచ్చగా ఉండొచ్చని ఆశ. కొత్తది, లోపల మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉన్నాయి. మొదటి వానకే మంచం మీద కురిసింది. ఆ పైన గోడ లోపల బూజు పట్టింది. బూజు గాలి డోర్సీ లాంటివాడికి విషమే కదా.

అది అమ్మిన డీలర్ సంగతి ట్వైలా చెప్తుంటే వినాలి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చెప్పింది, ఒక్కో కాయను ఆ డీలర్ మెడ అనుకున్నట్టే విరిచింది.

"కొనేటప్పుడు కాఫీ ఇచ్చారు, బిస్కట్లిచ్చారు, నాకొక టోపీ కూడా పెట్టారు. కురుస్తోందని తీసుకెళ్తే పది రోజులన్నాడు, ఎండాకాలమంతా ఉంచుకున్నాడు. తీరా చూస్తే పైన ఇంత లప్పం మెత్తి ఇచ్చాడు, గోడకి పిడకలు కొట్టినట్టు. మళ్ళీ కురిసింది. మళ్ళీ తీసుకెళ్ళాం. 'సామాను రాలేదండీ' అన్నాడు. మేమేమో మా మరదలి హాల్లో సోఫా మీద. ఆ మరదలి మొహం రోజురోజుకీ మాడిపోతుంటే చూడలేకపోయామనుకో. మూడోసారి వెళ్తే ఏమన్నాడో తెలుసా? పైకప్పు అతుకులు మూడు నెలలకోసారి మేమే ఎక్కి చూసుకోవాలట, పుస్తకంలో రాసుందట, అందుకని గ్యారంటీ చెల్లదట! ఈ ఊపిరాడని మనిషి నిచ్చెనెక్కాలి! 'అమ్మేటప్పుడు ఆ పుస్తకం ఎక్కడ దాచావయ్యా' అన్నాను. 'వంటింటి సొరుగులోనే ఉందండీ' అన్నాడు. ఆ సొరుగు కొన్నప్పట్నుంచీ తెరుచుకోదు."

డీలర్‌ని వదిలేసి, చేసినవాళ్ళనే అడుగుదామని ఇంత దూరం లాక్కుని వచ్చారు. నీ అల్లుడు పనిచేసే ఫ్యాక్టరీయే. గేటు దగ్గర ఆఫీసువాళ్ళు ఫిబ్రవరి తర్వాత గాని ఖాళీ లేదన్నారు. ఫిబ్రవరికి ఇక్కడ ఎంత మంచు పడుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ట్వైలా అక్కడే గేటు పక్కన రాతి మీద కూలబడి ఏడ్చిందట. అప్పుడే పని దిగి, పనివాళ్ళను ఇళ్ళకు దింపే వ్యాను కోసం నిలబడ్డ మా మార్లిన్ చూశాడు. ఏమీ ఆలోచించకుండా, "మా పెరట్లో పెట్టుకోండి, సాయంత్రాలు నేను చూస్తాను" అన్నాడు. నా మొగుడు మంచివాడమ్మా. ఇక ముందు నేను రాయబోయేది చదివేటప్పుడు ఈ మాట మరిచిపోకు.

ఆ ఫ్యాక్టరీ పని ఎలాంటిదో నీకు తెలుసు, నాన్న కూడా కొన్నాళ్ళు చేశాడు. రోజుకిన్ని ట్రైలర్లని లెక్క. లెక్క పూర్తయితే మధ్యాహ్నం కాకముందే ఇంటికి పంపేస్తారు, కూలి మాత్రం ట్రైలర్ల లెక్కనే. అందుకని అక్కడ ఎవరూ నడవరు, అందరూ పరుగే. మార్లిన్‌ది పైకప్పు అంచుల దగ్గర పని. గోడా కప్పూ కలిసే మూల పొడుగునా జిగురు పట్టీ అతికించి, దాని మీద రేకు పెట్టి స్క్రూలు దింపాలి. వరస మొత్తంలో తనంత వేగంగా దింపేవాడు లేడని పేరు. ఆ పేరంటే నీ అల్లుడికి ఎంత మక్కువో! నాకేమో ఆ వేగం ఇంట్లోకి కూడా వచ్చేసిందని బాధ. గుర్రాన్ని బండికి కట్టడం పరుగే, అన్నం తినడం పరుగే. బల్ల దగ్గర తలలు వంచి ప్రార్థన మొదలెడతామా, నేను మొదటి వాక్యంలో ఉండగానే తను తలెత్తి బంగాళాదుంపలు అందుకుంటాడు. పిల్లలు ఏదైనా చెప్పబోతే కూర్చునే నిద్రపోతాడు. ఏళ్ళుగా ఇదే. నేనెప్పుడూ నీకు రాయలేదు.

ఇక ట్రైలర్ సంగతి. ఒక సాయంత్రం మార్లిన్ మూల రేకు స్క్రూలు విప్పాడు. డోర్సీ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను లాంతరు పట్టుకుని నిచ్చెన మీద ఉన్నాను. రేకు లేచి వచ్చింది, దాని వెనకే చెక్క కూడా నానిన రొట్టెలా ముద్దలుగా రాలింది. మార్లిన్ వేలు పెట్టి నొక్కితే గోడలోకి దిగిపోయింది. రేకు కింద జిగురు పట్టీ ఉండాలి కదా. ఆ పక్కంతా వెతికాడు, పట్టీ లేనే లేదు. ఊడిపోయిందేమో అనుకోవడానికి జిగురు మరక కూడా లేదు.

మార్లిన్ విప్పిన స్క్రూలు ఒక్కొక్కటే జేబులో వేసుకున్నాడు. తర్వాత కిందికి దిగి డోర్సీ పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

"పట్టీ చుట్ట మధ్యలో అయిపోయుంటుంది. కొత్త చుట్ట తేవాలంటే స్టోరు దాకా నడవాలి. వాడు నడిచినంతసేపూ వెనక వరసంతా ఆగాలి. ఆగితే అందరూ బూతులు తిడతారు. అందులోనూ గుర్రాల సంత రోజైతే మరీను, అందరికీ తొందరే. రేకు పెట్టేస్తే పైకేం కనపడదు కదా."

"ఎవరు పెట్టుంటారు?" అని డోర్సీ అడిగాడు.

"నేనే అయ్యుండొచ్చు. నా పక్కవాడు అయ్యుండొచ్చు. ఏ రోజుదో గుర్తులేదు, డోర్సీ. రోజూ ఒక్కలాగే ఉంటుంది."

డోర్సీ కోప్పడతాడనుకున్నాను. ఆయన మార్లిన్ భుజం మీద చెయ్యేసి, "మా గనిలోనూ అంతేలే నాయనా. కప్పు కూలకుండా దూలం పెట్టేదాకా ఆగితే బొగ్గు తక్కువొస్తుంది. మేమూ ఆగేవాళ్ళం కాదు" అన్నాడు.

చెక్క మార్చాలి, గోడ పలకలు మార్చాలి. అవి బజార్లో దొరికేవి కావు, ఫ్యాక్టరీవాళ్ళే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ గోడ తెరిచిన గాయంలా అలాగే ఉంటుంది, ఇంకో నెలలో మంచు. ట్వైలా మన సందు చివర ఉమ్మడి ఫోను గదికి వెళ్ళి ఫ్యాక్టరీకి ఫోను చేసింది. మార్లిన్ పేరు చెప్పొద్దని అనుకుంది గాని, వాళ్ళు పుల్లవిరుపుగా మాట్లాడేసరికి ఉండబట్టలేక, "మీ పనివాడే విప్పి చూశాడు, కింద పట్టీ లేదు" అనేసింది.

ఆ మర్నాడు మార్లిన్ పని నుంచి వచ్చి అన్నం దగ్గర కూర్చున్నాడు గాని తినలేదు. ఏమైందంటే ఏం లేదన్నాడు. పిల్లలు లేచి వెళ్ళాక కంచం వైపే చూస్తూ అన్నాడు.

"సర్వీసు మేనేజరు కెస్లర్ పిలిచి అడిగాడు, విప్పింది నువ్వా అని. నాకేం తెలియదన్నాను. వాళ్ళు మా పెరట్లో ఉంటున్నారంతే, ఎవరు విప్పారో నేను చూడలేదన్నాను." కంచం పక్కకి జరిపి, "ఆయన ఇక్కడికి రావచ్చు. వస్తే నన్నడగమని చెప్పు, చాలు" అన్నాడు.

నేను సరేనన్నట్టు తలూపాను.

కెస్లర్ ఆ మర్నాడు పొద్దున్నే వచ్చాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను. మనిషి చెడ్డవాడేం కాదు. బురదలో బూట్లు పాడవుతాయని ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చాడు, వచ్చి టోపీ తీశాడు.

"ఏమ్మా, ఆ గోడ విప్పింది ఎవరు?"

"మా ఆయన" అన్నాను.

"లోపల ఏం కనపడింది?"

"ఏమీ కనపడలేదు. ఉండాల్సిన పట్టీ లేదు, గొడవంతా అదే కదా."

కెస్లర్ కాసేపు టోపీని చేతుల్లో తిప్పాడు. "మరి మార్లిన్ నిన్న తనకేం తెలియదన్నాడే" అన్నాడు. నేను దిండుగలీబు దులిపి తీగ మీద వేశాను. ఆయన ట్రైలర్ దగ్గరికి వెళ్ళి, ఆ మూల పొడుగునా ఫోటోలు తీసుకుని, డోర్సీతో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయాడు.

మరుసటి తెల్లవారుజామున మార్లిన్ ఎప్పటిలాగే అన్నం డబ్బా పట్టుకుని సందు మొదట్లో నిలబడ్డాడు. వ్యాను ఆగింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. డ్రైవరు అద్దం దించి ఏదో చెప్పాడు. లోపల కూర్చున్నవాళ్ళెవరూ తలెత్తలేదు. తర్వాత వ్యాను వెళ్ళిపోయింది, మార్లిన్ డబ్బాతో అక్కడే నిలబడిపోయాడు. పని ఎలా సాగుతోందని అడిగావుగా, నీ అల్లుడికి పని లేదు.

కెస్లర్ తర్వాత వచ్చి మార్లిన్‌తో ఎదురుగానే చెప్పాడు. "విప్పినందుకు కాదయ్యా. విప్పానని చెప్పుంటే పైవాళ్ళతో ఎలాగో మాట్లాడేవాణ్ణి. తెలియదన్నావు చూడు, అక్కడ నా చేతులు కట్టేశావు." మార్లిన్ సరేనన్నాడు. అయితే కెస్లర్ తను తీసిన ఫోటోలు పైవాళ్ళకు చూపించాడు. వారం తిరక్కముందే ట్రక్కులో గోడ పలకలూ, చెక్కా, జిగురు పట్టీలూ వచ్చాయి. ట్వైలా ఆ పట్టీ చుట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డోర్సీకి ఇక ఫరవాలేదు, మంచు పడకముందే వెళ్ళిపోతారు. ఒకరి గోడ నిలబడింది, ఒకరి పని పోయింది.

మార్లిన్ నన్నొక్క మాట అనలేదు. ఆ సాయంత్రం పాలు పితుకుతూ, "నిజమే చెప్పావు, ఓర్ఫా. చెప్పనిది నేను" అన్నాడు. అంతే. రోజూ ఉదయం వ్యాను హారను వినపడగానే మాత్రం చేతిలో పని ఆపేస్తాడు. అది దాటిపోయేదాకా అలాగే ఉంటాడు. స్నేహితుల కబుర్లూ, పందేలూ, ఆ వేగమూ, అంతా పోయింది తనకి. నడి వయసు మనిషి పెరట్లో ఏం చెయ్యాలో తోచక తిరుగుతుంటే చూడలేం.

మొన్న ఆదివారం, రొట్టె పంచుకునే ప్రభువు బల్లకు ముందు జరిగే సమాధాన కూటం మన లాంబ్రైట్ల ఇంట్లో. ఎవరి మీద ఎవరికి ఏమున్నా అక్కడ తేల్చుకోవాలి కదా. ఆరాధనయ్యాక పిల్లల్నీ, బాప్తిస్మం లేనివాళ్ళనీ బయటికి పంపారు. మార్లిన్ తనంతట తనే లేచి ముందుకెళ్ళి మోకరించాడు. తను అబద్ధం చెప్పానని, పని పోతుందని భయపడ్డానని చెప్పాడు. అంతటితో ఆపినా సరిపోయేది. "నా భార్యకి కూడా అదే భయం ఉండాలి, కానీ తను నిజమే చెప్పింది" అని కూడా అన్నాడు. ఫ్రీమన్ చెయ్యిచ్చి లేపి, మన సంఘం పద్ధతిలో ముద్దుపెట్టుకుని, క్షమించామని చెప్పాడు. ఆడవాళ్ళ బల్లల మీద నా పక్కనున్నవాళ్ళు నా చెయ్యి నొక్కారు. భోజనాల దగ్గర సవిల్లా పిన్ని, ఆ మూతిముడుపు పిన్నే, నన్ను దగ్గరకు తీసుకుని, "నీ తల్లి పెంపకమే అది" అంది. నేను వేరుశెనగ ముద్ద రాసిన రొట్టె నోటి దాకా తెచ్చి మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాను.

ఇప్పుడు గుజ్జు దించేశాను, పిల్లలు బళ్ళోంచి ఇంకా రాలేదు. రాయవలసింది రాస్తాను.

అమ్మా, అమ్మకానికి వచ్చినవాళ్ళు, దారి అడిగేవాళ్ళు, పన్నులవాళ్ళు ఎవరు గుమ్మంలోకొచ్చినా మన ఆడవాళ్ళం ఏమంటాం? "మా ఆయన్ని అడగండి" అంటాం. నువ్వన్నావు, అమ్మమ్మంది, నేను పెళ్ళయినప్పటి నుంచీ అంటూనే ఉన్నాను. అది అబద్ధం కాదు, ఎవరూ తప్పుపట్టరు. ఆ పొద్దున కూడా ఆ మాట నా నాలుక చివరే ఉంది. పైగా మార్లిన్ ముందురోజే అడిగాడు, నేను తలూపాను. ఆ మాటంటే కెస్లర్ సాయంత్రం వచ్చి మార్లిన్‌నే అడిగేవాడు. ఒక రాత్రి నిద్రపట్టకపోతే మార్లిన్ తనే నిజం చెప్పేవాడు. తన సంగతి నాకు తెలుసు. చెప్పుంటే పనీ ఉండేది, పరువూ ఉండేది. ఆ అవకాశం నేనే లాక్కున్నాను.

నిజం చెప్పాలని చెప్పలేదు, అమ్మా. డోర్సీ గోడ గురించి కూడా ఆ క్షణంలో నేను అనుకోలేదు. పని పోతుందని తెలుసు. పోనీ, మనిషి ఇంటికొస్తాడు కదా అనుకున్నాను. పట్టీ లేని రేకు లాగా, పైకి నిజం కనపడేలా బిగించేశాను. అందరూ నా చెయ్యి నొక్కుతున్నారు. నా మొగుడు సంఘం ముందు నన్ను మెచ్చుకుంటున్నాడు. ఇంకో పది రోజుల్లో ప్రభువు బల్ల, ఈ నోటితో ఆ రొట్టె ఎలా తీసుకోను?

ఇది నీకొక్కదానికే చెప్పి, నీ నుంచి జవాబొచ్చేదాకా ఊరుకుందామనుకున్నాను. రాశాక చదువుకుంటే నాకే సిగ్గేసింది. మొదట చెప్పవలసింది నీకు కాదు. ఉత్తరం ఇవాళ పోస్టు చెయ్యను.

గురువారం

చెప్పాను.

పొద్దున్న మార్లిన్ ట్రైలర్ పైన ఉన్నాడు. కొత్త పట్టీ అతికిస్తున్నాడు, మెల్లగా, బొటనవేలితో నొక్కుకుంటూ. ట్వైలా, డోర్సీ ఆస్పత్రికి వెళ్ళారు. నేను కింద నిలబడి, నీతో ఒక మాట చెప్పాలన్నాను.

"చెప్పు, వింటున్నా."

తల వెనక్కి వంచి, సూర్యుడు కళ్ళల్లో పడుతుంటే, అంతా చెప్పాను. నీకు రాసినంత చక్కగా రాలేదు. ముందువి వెనకా వెనకవి ముందూ అయిపోయాయి. కానీ, "నీ పని పోవాలనే చెప్పాను" అన్న మాట మాత్రం తడబడకుండా చెప్పాను.

పైన బొటనవేలు ఆగిపోయింది. "నిచ్చెన పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. దిగి వచ్చి, జిగురంటిన చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ నా ఎదురుగా నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. మన ఇంట్లో ఎవరూ అరవరు, అయినా అనుకున్నాను.

"పని సంగతి తర్వాత చూసుకుందాం. నీ మీద కోపం రావడానికి కూడా నాకు కొంచెం టైము పడుతుంది" అన్నాడు. "ఇంతా తెలిసుండి ఆదివారం నన్నొక్కణ్ణే ఎందుకు మోకరించనిచ్చావు, ఓర్ఫా?"

తను ఎదురుచూశాడు. ఎంత తొందర మనిషి, అంతసేపు ఊరికే నిలబడి ఎదురుచూడడం నేను ఇన్నేళ్ళలో చూడలేదు. తర్వాత వెళ్ళి గుర్రాన్ని బండికి కట్టి, నన్ను ఫ్రీమన్ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన విని, ప్రభువు బల్ల రోజున రొట్టె పంచకముందు సభ్యుల్ని ఆపి ఈ సంగతి వింటామన్నాడు. ఆ రోజు ఆడవాళ్ళ వైపు నుంచి లేచి వెళ్ళి నేను మోకరించాలి. నా చెయ్యి నొక్కినవాళ్ళంతా చూస్తారు. పిన్ని కూడా చూస్తుంది.

వచ్చేటప్పుడు మన సందులోకి తిరిగాక పగ్గాలు వదులు చేసి, "నువ్వు మోకరించినప్పుడు నేను మగవాళ్ళ వైపు ఊరికే కూర్చుని చూడాలి కదా" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

"నీకెలా ఉండింది, మొన్న?"

"నీ పక్కకొచ్చి పడిపోవాలనిపించింది."

మార్లిన్ తలూపాడు. "అయితే ఈసారి నేను ఆగలేనేమో, ముందే చెప్తున్నా" అన్నాడు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
ఓర్ఫా